పిపా: రెండు చేతుల చరిత్ర

పిపా నాలుగు తంత్రులున్న చైనా వాద్యం. నిలువునా చీల్చిన బేరిపండు లాంటి బొజ్జ, దాని మీద పౌలోనియా చెక్కతో వేసిన పలుచని మూత, పైకి పోయేకొద్దీ సన్నబడి చివర వెనక్కి వంగిన తల, ఆ తలకు అటు రెండు, ఇటు రెండు బిరడలు. వెనక భాగాన్ని సాధారణంగా ఒకే గట్టి చెక్కలో లోతు తక్కువగా తొలుస్తారు. పొడవు సుమారు ఒక మీటరు. వాద్యకారులు కుర్చీలో కూర్చుని దీన్ని ఎడమ తొడ మీద దాదాపు నిట్టనిలువుగా నిలబెట్టి, కుడిచేతి అయిదు వేళ్లతో మీటుతారు. ఇప్పుడు ఎక్కువమంది ఆ వేళ్లకు కృత్రిమ గోళ్లు కట్టుకుంటారు. తంత్రుల శ్రుతిని మన లెక్కలో చెప్పాలంటే మంద్ర పంచమం, షడ్జం, చతుశ్రుతి రిషభం, మధ్య పంచమం. మెడ మీద ఆరు పెద్ద మెట్లు, బొజ్జ మీద ఇరవై నాలుగు సన్నని వెదురు మెట్లు ఉండటం నేటి వాడుక. పెద్దవాటిని శియాంగ్ అని, చిన్నవాటిని పిన్ అని పిలుస్తారు.

ఈ వర్ణనలోని ఒక్కో అంశానికి ఒక్కో పుట్టినతేదీ ఉంది. పదమూడు వందల ఏళ్ల కిందటి పిపాను నిలువుగా పట్టేవారు కాదు, వేళ్లతో మీటడం అప్పుడప్పుడే మొదలైంది, బొజ్జ మీద ఒక్క మెట్టయినా లేదు. ఇంకా వెనక్కి పోతే ఆ పేరుతో పిలిచిన వాద్యం ఆకారమే వేరు. అందుకే పిపా చరిత్రను ఆకారాన్ని బట్టో పేరును బట్టో చెప్పబోతే కథ తెగిపోతుంది. కుడిచేయి ఏంచేసింది, ఎడమచేయి ఏంచేసింది, వాద్యం బరువును ఎవరు మోశారు అని అడుగుతూ పోతే మాత్రం తెగకుండా సాగుతుంది.

పిపా ప్రస్తావన ఉన్న తొలి చైనా గ్రంథాలు తూర్పు హాన్ వంశపు చివరి కాలానివి, అంటే క్రీ.శ. 200 ప్రాంతానివి. వాటిలో ఒకదాన్ని రాసిన లియు శీ ఇది సరిహద్దు అవతలి సంచార జాతుల వాద్యమనీ, గుర్రం మీద కూర్చుని వాయించేదనీ చెప్పాడు. తంత్రిని చేతితో ముందుకు నెట్టడం 'పి', వెనక్కి లాగడం 'పా' అని పేరుకు కారణం కూడా ఇచ్చాడు. ఇంచుమించు అదే కాలంవాడైన యింగ్ షావ్ దాని పొడవు మూడడుగుల అయిదు అంగుళాలని, అప్పటి చైనా కొలతల్లో రాశాడు. మూడు అంటే ఆకాశం, భూమి, మనిషి. అయిదు అంటే పంచతత్త్వాలు. నాలుగు తంత్రులు నాలుగు ఋతువులు. పరాయిదని అందరికీ తెలిసిన వాద్యాన్ని చైనా విశ్వదర్శనంలో ఇముడ్చుకునే పని అప్పుడే మొదలైందన్నమాట.

3వ శతాబ్దంలో ఫూ షువాన్ అనే కవి పిపా మీద ఒక కావ్యం రాసి, దాని పీఠికలో అప్పటికి ప్రచారంలో ఉన్న రెండు కథలు చెప్పాడు. మొదటిది రాకుమారి కథ. హాన్ చక్రవర్తి ఊ క్రీ.పూ. 105 ప్రాంతంలో లియు శీజున్ అనే రాకుమారిని పడమటి వూసున్ జాతి రాజుకిచ్చి పంపాడు. దారిలో ఆమె దిగులు తీరేందుకు, గుర్రం మీద వాయించడానికి వీలయ్యేలా, అప్పటికే ఉన్న వాద్యాల పోలికలు కలిపి దీన్ని చేయించారట. రెండోది కూలీల కథ. చిన్ వంశం చివరి రోజుల్లో మహాకుడ్యం కట్టిన జనం తమ బాధ మరవడానికి పిడి ఉన్న డోలుకు తంత్రులు బిగించి మీటుకున్నారట. ఈ రెండూ కథలే. అయితే ఫూ షువాన్ ఆ వాద్యాన్ని వర్ణించిన తీరు మాత్రం గట్టి ఆధారం. గుండ్రటి బొజ్జ, తిన్నటి మెడ, నాలుగు తంత్రులు, పన్నెండు మెట్లు. అందులో బేరిపండు ఆకారం ఎక్కడా లేదు.

చైనా చిత్రకళ సృష్టించిన ఒక పొరపాటును ఇక్కడే సరిదిద్దుకోవాలి. క్రీ.పూ. 33లో ఉత్తరపు సంచార జాతి శియోంగ్ను నాయకుడికి భార్యగా వెళ్లిన వాంగ్ జావ్‌జున్‌ను చేతిలో పిపాతో గుర్రమెక్కించి వందల మంది చిత్రించారు. ఆ పిపా ఎప్పుడూ బేరిపండు ఆకారంలోనే ఉంటుంది. ఆమె కాలానికి అలాంటి వాద్యం చైనాకు రానేలేదు. వూసున్ రాకుమారికి దారిలో పిపా వినిపించారు కనుక జావ్‌జున్‌కూ వినిపించే ఉంటారని 3వ శతాబ్దపు కవి షీ చోంగ్ ఊహించాడు. ఆ ఊహే తరువాతి తరాలకు చరిత్ర అయిపోయింది.

గుండ్రటి పిపాకు ప్రసిద్ధుడైన వాద్యకారుడు రువాన్ శియాన్. 3వ శతాబ్దపు 'వెదురుతోపు సప్త మహనీయుల్లో' ఒకడు. 1960లో నాన్‌జింగ్ దగ్గర ఒక సమాధిలో బయటపడిన ఇటుక చిత్రంలో అతడు నేల మీద కూర్చుని గుండ్రటి వాద్యాన్ని మీటుతూ కనిపిస్తాడు. టాంగ్ కాలంలో, మహారాణి ఊ జెటియెన్ ఏలుబడిలో, ఒక పాత సమాధిలో అలాంటిదే కంచు వాద్యం దొరికింది. అది రువాన్ శియాన్ వాద్యమని పండితులు పోల్చి చెక్కతో నకలు చేయించారు. అతడి పేరే దానికి స్థిరపడింది. నేటికీ చైనా వాద్యబృందాల్లో దాన్ని రువాన్ అనే అంటారు. అంతకు ముందు మీటి వాయించే పొడవు మెడ, పొట్టి మెడ వాద్యాలన్నిటికీ పిపా అన్నదే ఉమ్మడి పేరు. గుండ్రటిది వేరు పేరు తీసుకుని పక్కకు జరిగాక, పడమటి నుంచి వచ్చిన బేరిపండు వాద్యానికి పిపా అన్న పేరు పూర్తిగా దక్కింది.

ఆ పడమటి వాద్యం ఒకటి కాదు, రెండు. తల వెనక్కి వంగి నాలుగు తంత్రులుండేది మొదటిది. ఇది పారశీకుల బర్బత్‌కు దగ్గరి చుట్టం. అరబ్బుల ఊద్ కూడా అదే వంశానిది. తల తిన్నగా ఉండి అయిదు తంత్రులుండేది రెండోది. దీని జాడలు కూచా మీదుగా భారతదేశం వైపు నడుస్తాయి. గాంధార శిల్పంలో క్రీస్తు శకపు తొలి శతాబ్దాలలోనే పొట్టి మెడ, బేరిపండు బొజ్జ ఉన్న వాద్యాలు కనిపిస్తాయి. కృష్ణాతీరంలో అమరావతి, నాగార్జునకొండ బౌద్ధ శిల్పాల్లోనూ, అజంతా చిత్రాల్లోనూ విల్లు ఆకారపు వీణతో పాటు ఈ జాతి వాద్యం ఉంది. మన శిల్ప పండితులు దాన్ని కచ్ఛపీ వీణగా గుర్తించారు. తరువాతి శతాబ్దాల్లో భారతదేశం ఈ రెండు వాద్యాలనూ వదులుకుంది. అవి వెళ్లిన దారిలో తూర్పున మాత్రం బతికాయి. అమరావతి శిల్పి చెక్కిన వాద్యానికి బంధువు ఎలా మోగేదో ఊహించాలంటే నేడు తూర్పు ఆసియా వైపు చూడవలసిందే.

కూచా నేటి షిన్‌జియాంగ్‌లో, తక్లమకాన్ ఎడారి ఉత్తరపు అంచున ఉన్న ఒయాసిస్సు. సంస్కృత గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చిన కుమారజీవుడి ఊరు అదే. అక్కడికి దగ్గరలోని కిజిల్ గుహల్లో వాద్యకారుల బొమ్మలు బారులు తీరి ఉంటాయి. 384లో లూ గ్వాంగ్ అనే సేనాని కూచాను జయించి, తిరిగి వస్తూ అక్కడి సంగీతాన్ని, సంగీతకారులను చైనా వాయవ్యానికి తెచ్చాడు. యుద్ధంతో వచ్చిన దానికన్నా వర్తకంతో వచ్చిందే ఎక్కువ కాలం నిలిచింది. టాంగ్ చరిత్ర గ్రంథం ప్రకారం ఉత్తర వేయ్ రాజ్యంలో చావ్ పోలోమెన్ అనే అతడు కూచా పిపాను ఒక వర్తకుడి దగ్గర నేర్చుకున్నాడు. ఆ విద్య అతడి ఇంట తరతరాలుగా సాగింది. మనుమడు చావ్ మియావ్‌దాకు ఉత్తర చి చక్రవర్తుల కొలువులో గొప్ప ఆదరణ లభించింది. పోలోమెన్ అంటే చైనా ఉచ్చారణలో బ్రాహ్మణ శబ్దమే. చావ్ అన్న ఇంటిపేరు మధ్య ఆసియాలోని సోగ్దియా నుంచి వచ్చిన కుటుంబాలు చైనాలో పెట్టుకునేది. సోగ్ద్ కుటుంబం, భారతీయ నామం, కూచా వాద్యం, చైనా కొలువు: పట్టుదారి అంటే ఏమిటో ఈ ఒక్క ఇంటి కథ చెబుతుంది. ఆ ఇంటి పేరుగల వాద్యకారులు 9వ శతాబ్దం దాకా రాజధానిలో పిపా గురువులుగా వెలిగారు.

భారతీయ సంగీతాన్ని ఎరిగిన పాఠకులు ఆగి చూడవలసిన ఘట్టం 568లోది. ఆ ఏడు ఉత్తర జౌ చక్రవర్తి ఒక తురుష్క రాకుమారిని పెళ్లాడాడు. ఆమె పరివారంతో కూచా నుంచి ఒక పిపా విద్వాంసుడు వచ్చాడు. చైనా గ్రంథాలు అతడిని సు జీపో అంటాయి. సుజీవుడన్న సంస్కృత నామమే అలా మారిందని పండితుల అభిప్రాయం. తరువాత సూయ్ వంశం రాజ్యానికి వచ్చి కొలువు సంగీతాన్ని సంస్కరించబోయినప్పుడు, జెంగ్ యీ అనే అధికారి ఈ సు జీపో పిపా వాదనం విని, అతడి స్థాయిలో ఏడు స్వరాలున్నాయని గమనించి, వివరం అడిగాడు. తన తండ్రి పడమటి దేశాల్లో పేరున్న విద్వాంసుడనీ, ఆయన నేర్పిన సంప్రదాయంలో ఏడు రాగమూలాలున్నాయనీ సు జీపో చెప్పాడు. ఆ ఏడింటి పేర్లనూ 7వ శతాబ్దంలో సంకలనమైన సూయ్ చరిత్ర భద్రపరిచింది.

ఆ పేర్లు చైనా అక్షరాల్లో సుఓతుఓలి, జిషి, షాషి, షాహౌజియాలాన్, షాలా, బాన్‌షాన్, సిలిజియాన్. వీటిని తమిళనాడులోని పుదుక్కోట్టై దగ్గరి కుడుమియామలై శాసనం పక్కన పెట్టి చూడాలి. 7వ శతాబ్దపు ఆ రాతి మీద మధ్యమగ్రామం, షడ్జగ్రామం, షాడవం, సాధారితం, పంచమం, కైశికమధ్యమం, కైశికం అనే ఏడు గ్రామరాగాల స్వరసముదాయాలు చెక్కి ఉన్నాయి. సుఓతుఓలి సాధారితం, జిషి కైశికం, షాహౌజియాలాన్ షడ్జగ్రామం, షాలా షాడవం, బాన్‌షాన్ పంచమం. ఏడింట అయిదు కలుస్తున్నాయి. మిగిలిన రెంటిని షడ్జ, ఋషభ శబ్దాలుగా పోల్చారు. పుదుక్కోట్టై కొండకూ చైనా రాజధానికీ మధ్య వేల మైళ్ల దూరం ఉంది. రెండు చోట్లా ఇంచుమించు ఒకే తరంవారు ఒకే పరిభాషను నమోదు చేశారు. ప్రాచీన భారత సంగీతశాస్త్రం దేశం దాటి ఎంతదూరం నడిచిందో చెప్పే ఆధారాలలో ఇంతకు మించినది అరుదు. దాన్ని మోసుకువెళ్లింది ఒక తంతివాద్యం, దాన్ని వాయించే ఒక మనిషి.

జెంగ్ యీ ఆ ఏడు మూలాలను చైనావారి పన్నెండు స్వరస్థానాలతో హెచ్చించి ఎనభై నాలుగు రాగస్థానాల పద్ధతిని ప్రతిపాదించాడు. కొలువులో వ్యతిరేకత వచ్చింది, పద్ధతి అంతా ఆచరణలోకి రాలేదు. అయినా తరువాతి చైనా సంగీత సిద్ధాంతమంతా ఆ చర్చతో తలపడక తప్పలేదు. బాన్‌షాన్ వంటి పేర్లు టాంగ్ రాగాల పేర్లలో అంతర్భాగమై జపాన్ దాకా వెళ్లాయి. జపాన్ ఆస్థాన సంగీతంలో నేటికీ వినిపించే బాన్‌షికిచో అన్న రాగనామంలో ఉన్నది మన పంచమమే.

టాంగ్ కాలం, అంటే 618 నుంచి 907 వరకు, పిపాకు మహర్దశ. కొలువు సంగీతాన్ని పది విభాగాలుగా ఏర్పరిచారు. వాటిలో అధిక భాగం కూచా, సమర్‌కంద్, బుఖారా, కాష్గర్, భారతదేశం వంటి పరదేశాల పేర్ల మీదే ఉన్నాయి. పిపా దాదాపు అన్నిటిలో వాడుకలో ఉండేది. అప్పటి పిపాను వీణలా అడ్డంగా ఒడిలో పట్టుకుని, కుడిచేతిలో వెడల్పాటి పలకతో తంత్రుల మీద కొట్టేవారు. మెడ మీద నాలుగే మెట్లు. ఒక్కో తంత్రికి విడిగా ఒక స్వరం, నాలుగు మెట్ల మీద నాలుగు, మొత్తం నాలుగు తంత్రులకు ఇరవై స్వరస్థానాలు. ఎడమచేయి మెడను పట్టుకుని ఉండాలి కనుక కిందికి జారే వీలు లేదు. బలమంతా కుడిచేతి పలకలోనే.

ఆ పలకను పక్కన పెట్టిన మొదటి వాద్యకారుడిగా చైనా గ్రంథాలు చెప్పేది పే లువోఅర్‌ను. 627-649 మధ్య, చక్రవర్తి తైజోంగ్ కాలంలో, అతడు వేళ్లతో మీటడం మొదలుపెట్టాడు. అయితే పలక వెంటనే పోలేదు. మరి కొన్ని శతాబ్దాలు రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి. 9వ శతాబ్దం చివర దువాన్ ఆన్‌జియె రాసిన సంగీత గ్రంథం చావ్ ఇంటివాడైన చావ్ గాంగ్‌నూ, అతడి సమకాలికుడు పే శింగ్‌నూనూ పోల్చింది. పలక విసరడంలో మొదటివాడిది గాలివానలాంటి ఊపు; తంత్రిని నొక్కి, నలిపి నాదాన్ని మలచడంలో రెండోవాడు నేర్పరి. ఒకడికి కుడిచేయి, మరొకడికి ఎడమచేయి ఉన్నాయని రాజధాని చాంగాన్ జనం అనుకునేవారట. తరువాత వెయ్యేళ్లు పిపా ఈ రెండు చేతులనూ ఒకే మనిషిలో కలపడానికి చేసిన ప్రయత్నమే.

అదే గ్రంథంలో మరో ఉదంతం ఉంది. 785-805 మధ్య ఒకసారి రాజధానిలో కరువు వచ్చింది. వాన కోసం తూర్పు, పడమటి అంగడివీధులు రెండూ సంగీతపు పోటీ పెట్టుకున్నాయి. తూర్పువారి తరఫున కాంగ్ కున్‌లున్ మండపమెక్కాడు. ఆనాటికి అతడే మేటి. అతడు వాయించాక పడమటి మండపం మీద ఒక స్త్రీ కనిపించి, అదే కృతిని వేరే రాగస్థానంలోకి మార్చి వాయిస్తానని చెప్పి పలక ఎత్తింది. ఆ నాదం పిడుగులా ఉందట. కున్‌లున్ వెళ్లి నమస్కరించి శిష్యుడిగా చేర్చుకోమన్నాడు. ఆమె లోపలికి వెళ్లి వేషం మార్చుకుని వచ్చింది. తీరా చూస్తే దువాన్ షాన్‌బెన్ అనే బౌద్ధ భిక్షువు. మరునాడు చక్రవర్తి దెజోంగ్ ఇద్దరినీ పిలిపించి భిక్షువును గురువుగా నియమించాడు. ఒక స్వరసమూహం వాయించమని విన్న భిక్షువు, నీ వాదనంలో ఎన్నో బాణీలు కలిసిపోయాయి అన్నాడు. చిన్నప్పుడు పొరుగింటి సోదెగత్తె దగ్గర మొదలుపెట్టి చాలామంది గురువులను మార్చానని కున్‌లున్ ఒప్పుకున్నాడు. పదేళ్లు వాద్యం ముట్టకుండా నేర్చినదంతా మరిచిపోతేనే నేర్పుతానని భిక్షువు షరతు పెట్టాడు. వివరాలు ఎంతవరకు నిజమైనా, ఈ ఉదంతాన్ని రాసినవాడికి గురుశిష్య పరంపరలో బాణీ శుద్ధి అంటే ఏమిటో బాగా తెలుసు.

సాహిత్యంలో పిపాకు శాశ్వత స్థానం ఇచ్చింది బాయ్ జూయీ. 815లో పదవి తగ్గి యాంగ్‌సీ నది ఒడ్డున జియాంగ్‌జౌకు, అంటే నేటి జియూజియాంగ్‌కు బదిలీ అయిన ఈ కవి, 816లో 'పిపా గీతం' రాశాడు. రాజధానిలో ఒకప్పుడు పేరు పొంది, వయసు మళ్లి, వర్తకుడి భార్యగా పడవలో ఒంటరిగా ఉన్న వాద్యకారిణి వాదనాన్ని అతడు ఒక రాత్రి విన్న సందర్భం అది. చైనాలో బడిపిల్లలు నేటికీ కంఠస్థం చేసే కావ్యం. సంగీత చరిత్రకారుడికి అందులో ఇంకో ప్రయోజనం ఉంది. తంత్రిని నొక్కడం, నలపడం, పలకను లోపలికీ వెలుపలికీ ఆడించడం, చివర నాలుగు తంత్రులనూ ఒక్క దెబ్బతో కొట్టి ఆపడం, ఇవన్నీ వరుసగా వర్ణితమయ్యాయి. 9వ శతాబ్దపు వాదన పద్ధతికి ఇది కళ్లారా చూసినవాడి సాక్ష్యం.

ఆ కాలపు వాద్యం చేతికి దొరికే చోటు జపాన్. నారాలోని తోదాయ్‌జి ఆలయపు షోసోయిన్ భాండాగారానికి 756లో మహారాణి కోమ్యో తన భర్త షోము చక్రవర్తి వస్తువులను సమర్పించింది. వాటిలో రక్తవర్ణపు చందనపు చెక్కతో చేసి, ముత్యపుచిప్పతో నగిషీ పెట్టిన అయిదు తంత్రుల పిపా ఉంది. పొడవు సుమారు 108 సెంటీమీటర్లు. పలక దెబ్బ తగిలే చోట రక్షణగా వేసిన పట్టీ మీద, ఒంటె మీద కూర్చుని పిపా వాయిస్తున్న పరదేశి బొమ్మ. ప్రాచీన కాలపు అయిదు తంత్రుల పిపా ప్రపంచంలో ఇదొక్కటే మిగిలింది. చైనాలో ఆ జాతి టాంగ్ తరువాత అంతరించింది. వాద్యంతో పాటు విద్య కూడా జపాన్ చేరింది: 838లో రాయబార బృందంతో వెళ్లిన ఫుజివారా నో సదతోషి చైనాలో పిపా నేర్చుకుని రచనల ప్రతులతో తిరిగొచ్చాడు. జపాన్ ఆస్థాన సంగీతంలోని బివా నేటికీ అడ్డంగా పట్టేదే, పలకతో మీటేదే, నాలుగు మెట్లదే.

జపాన్ ఆధారం చైనాలోని ఒక చిక్కుముడిని విప్పింది. డున్‌హువాంగ్ దగ్గరి గుహల్లో 20వ శతాబ్దం మొదట్లో బయటపడి పారిస్ జాతీయ గ్రంథాలయానికి చేరిన ప్రతుల్లో ఒకదాని వెనక వైపు ఇరవై అయిదు రచనల స్వరలిపి ఉంది. ముందు వైపు రాత 933 నాటిది. ఆ లిపిలో వాడిన గుర్తులు ఇరవై. నాలుగు తంత్రులు, నాలుగు మెట్ల పిపాలో ఉండే స్వరస్థానాలూ ఇరవయ్యే. జపాన్ బివా లిపితో పోల్చి, ఇది పిపా కోసం రాసినదేనని 1930లలో హయాషి కెన్‌జో నిరూపించాడు. స్వరస్థానాలు తేలాయి కానీ లయ మీద పండితుల వాదం ఇంకా తెగలేదు. ఆ గుహల గోడల మీద పిపా బొమ్మలకైతే లెక్కే లేదు. 112వ గుహలో నర్తకి వాద్యాన్ని వీపు వెనక్కి తిప్పి వాయించే భంగిమ నేడు డున్‌హువాంగ్ పట్టణానికే గుర్తు. అది నాట్యభంగిమే తప్ప వాదన పద్ధతి కాదన్నది గుర్తుంచుకోవాలి.

బౌద్ధంతో ప్రయాణించినందువల్ల పిపాకు దేవతల చేతుల్లోనూ చోటు దొరికింది. చైనా ఆలయాల ముంగిట నిలిచే నలుగురు దిక్పాలకుల్లో తూర్పు దిక్కు రాజు, గంధర్వుల అధిపతి ధృతరాష్ట్రుడు పిపా ధరిస్తాడు. జపాన్‌లో బెన్‌జైతెన్ పేరుతో పూజలందుకునే మన సరస్వతి చేతిలో ఉండేది బివా. కొరియాలో బిపా, వియత్నాంలో తీబా అదే వంశానివి.

టాంగ్ పతనం తరువాత పిపా కొలువు విడిచి అంగడికి, టీ దుకాణానికి, కథకుల వేదికకు వచ్చింది. అసలైన పరిణామం ఈ సాంగ్, యువాన్, మింగ్ శతాబ్దాల్లోనే జరిగింది, కొలువు చరిత్రకారుల కంట పడకుండా. 10వ శతాబ్దపు గు హోంగ్‌జోంగ్ పేరిట ఉన్న 'హాన్ శీజాయ్ రాత్రి విందు' చిత్రంలో పిపా అడ్డంగానే ఉంది, పలకతోనే మీటుతున్నారు. మింగ్ కాలం ముగిసేసరికి అది నిలబడింది, పలక పోయింది, బొజ్జ మీద తొమ్మిది మొదలు పదమూడు దాకా వెదురు మెట్లు వచ్చాయి.

ఈ మూడింటినీ విడివిడి మార్పులుగా చెప్పడం పాఠ్యపుస్తకాల అలవాటు. అవి మూడూ ఒకదానికొకటి ముడిపడిన మార్పులు. బొజ్జ మీది మెట్లను పూర్తిగా వాడుకోవాలంటే ఎడమచేయి కిందిదాకా దిగిరావాలి. దిగిరావాలంటే మెడను మోసే పని నుంచి దానికి విడుదల కావాలి. తొడ మీద నిలబెడితే బరువు ఒడికి పోతుంది, ఎడమచేయి స్వేచ్ఛగా జారుతుంది. నిలువుగా ఉన్న తంత్రుల ముందు కుడిచేతి అయిదు వేళ్లూ విడివిడిగా ఆడగలవు. అప్పుడు పలకకు తిరిగి రావలసిన పనిలేదు. మార్పులు ఏ వరుసలో వచ్చాయో చెప్పే సాక్షి కూడా బతికే ఉంది. ఫూజియాన్ రాష్ట్రంలో చ్వాన్‌జౌ ప్రాంతపు నాన్‌యిన్ సంగీతంలో పిపాను వేళ్లతోనే మీటుతారు, బొజ్జ మీద మెట్లూ ఉన్నాయి, కానీ పట్టుకునేది మాత్రం ఇప్పటికీ అడ్డంగానే. అంటే పలక ముందు పోయింది, నిలబెట్టడం తరువాత వచ్చింది. నాన్‌యిన్‌ను 2009లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

వేళ్లు చేరాక పిపా నాదస్వభావమే మారిపోయింది. మీటిన తంత్రి నాదం క్షణంలో చచ్చిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి పుట్టినదే 'లున్', అంటే అయిదు వేళ్లూ ఒకదాని వెంట ఒకటి చక్రంలా తిరుగుతూ ఒకే తంత్రిని ఎడతెగకుండా మీటడం. చూపుడువేలు ముందా, చిటికెనవేలు ముందా అన్నదాని మీద సంప్రదాయాలు చీలాయి. చూపుడువేలితో వెలుపలికి కొట్టేది 'తాన్', బొటనవేలితో ఎదురుగా లాగేది 'తియావ్'. ఎడమచేయి తంత్రిని మెట్టు మీద పక్కకు నెట్టి, లాగి స్వరాన్ని సాగదీస్తుంది. వీణ మీద తంత్రిని పక్కకు లాగి గమకం పలికించే మనవాళ్లకు ఇది వెంటనే అర్థమయ్యే పని. రెండు తంత్రులను మెలిపెట్టి కత్తుల ఒరిపిడి, గుర్రపు డెక్కల చప్పుడు పలికించడం కూడా ఉంది.

యుద్ధఘట్టాల కృతులకు ఈ చివరి పద్ధతే ప్రాణం. క్రీ.పూ. 202లో గైశియా దగ్గర హాన్ నాయకుడు లియు బాంగ్, చూ వీరుడు శియాంగ్ యూను ఓడించిన యుద్ధం మీద రెండు పెద్ద కృతులున్నాయి. 'పది దిక్కుల మాటుదాడి' గెలిచినవాడి వైపు నుంచి, 'కవచం విప్పిన మహావీరుడు' ఓడినవాడి వైపు నుంచి చెబుతాయి. ఒకే యుద్ధాన్ని రెండు పక్షాల నుంచి మాట లేకుండా చెప్పడం ఏ వాద్య సాహిత్యంలోనైనా గొప్ప విషయమే. 16వ శతాబ్దపు వాద్యకారుడు టాంగ్ యింగ్‌జెంగ్ గురించి వాంగ్ యౌదింగ్ రాసిన జీవితకథలో ఇలాంటి యుద్ధకృతి వర్ణన ఉంది కనుక ఈ సంప్రదాయం మింగ్ కాలానికే ఎదిగిందని చెప్పవచ్చు. వీరరసపు కృతులను 'ఊ' అని, శాంతంగా సాగేవాటిని 'వెన్' అని విడదీశారు. 'సాయంసంధ్య వేణువు, మద్దెల' అనే వెన్ కృతిని 1920లలో షాంఘైలో వాద్యబృందానికి మార్చారు. 'వసంత నది మీద పువ్వులు, వెన్నెల' అన్న కొత్త పేరుతో అది మూలం కన్నా ప్రసిద్ధమైంది.

చింగ్ కాలంలో ఈ సంపద అచ్చుకెక్కడం మొదలైంది. ఊశీ నివాసి హువా చ్యూపింగ్ 19వ శతాబ్దం రెండో దశకంలో ఉత్తర, దక్షిణ సంప్రదాయాల రచనలను కలిపి అచ్చువేసిన సంకలనం తొలి పెద్ద పిపా గ్రంథం. 1895లో పింగ్‌హూ నుంచి లీ ఫాంగ్‌యువాన్‌ది, 1929లో పూదోంగ్ సంప్రదాయానికి చెందిన షెన్ హావ్‌చూది వెలువడ్డాయి. ఊశీ, పింగ్‌హూ, పూదోంగ్, చోంగ్‌మింగ్ బాణీలన్నీ షాంఘై చుట్టూ యాంగ్‌సీ ముఖద్వారపు నేల మీదే పుట్టాయి. సూజౌ కథాగానంలో నేటికీ పిపా తప్పని తోడు.

20వ శతాబ్దపు మార్పులకు ఆద్యుడు లియు తియెన్‌హువా (1895-1932). చోంగ్‌మింగ్ బాణీలో శిక్షణ పొంది, 1922 నుంచి పెకింగ్ విశ్వవిద్యాలయంలో బోధించిన ఈయన పిపాకు అభ్యాస పాఠాలు రాశాడు, అర్ధస్వరాలు పలికేలా మెట్లు పెంచాడు. పాత మెట్ల అమరికలో పాశ్చాత్యపు పన్నెండు సమ భాగాలకు అందని స్వరాలుండేవి, శుద్ధానికీ తీవ్రానికీ మధ్యన నిలిచేవి. కొత్త అమరికలో అవి పోయాయి. 1950ల తరువాత పట్టు తంత్రుల స్థానంలో ఉక్కు తంత్రులు వచ్చాయి. ఉక్కుకు సహజమైన గోరు నిలవదు కనుక కృత్రిమ గోళ్లు వచ్చాయి. నాదం పెద్దదైంది, పదునెక్కింది, పెద్ద సభామందిరంలో చివరి వరుసకూ వినిపించింది. ఏ శ్రుతిలోకైనా తిరగగల శక్తి వచ్చింది. పట్టు తంత్రి మీది గరుకైన మెత్తదనం, మధ్యస్వరాల రుచి పోయాయి. లాభనష్టాలు రెండూ నిజమే. అయితే నష్టం అవసరమైన దానికన్నా ఎక్కువ జరిగిందనే చెప్పాలి. పట్టు తంత్రులను పూర్తిగా వదలకుండా రెండు రకాలనూ పక్కపక్కన నిలుపుకునే దారి ఉండింది.

పూదోంగ్ బాణీ లిన్ షిచెంగ్ (1922-2005) 1956 నుంచి చైనా కేంద్ర సంగీత కళాశాలలో బోధిస్తూ ఆధునిక తరాన్ని తయారుచేశాడు. ఆయన శిష్యుడు లియు దెహాయ్ (1937-2020) 1973 నాటి 'గడ్డిమైదానపు చిట్టి చెల్లెళ్లు' కృతిని వూ జుచియాంగ్, వాంగ్ యెన్‌చియావ్‌లతో కలిసి రచించి, 1979లో చైనాకు వచ్చిన బోస్టన్ వాద్యబృందంతో సెయిజీ ఒజావా నిర్వహణలో వాయించాడు. హాంగ్‌జౌలో పుట్టిన వూ మాన్ ద్వారా పిపా అమెరికా వేదికలకు చేరింది. తాన్ డున్ 1994లో ఆమె కోసం, క్రోనోస్ చతుష్టయం కోసం 'భూత నాటకం' రాశాడు. 1997లో లూ హారిసన్ పిపాకు, తంతివాద్య బృందానికి కలిపి కృతి రచించాడు.

పిపా చరిత్రలో చైనా, జపాన్, ఐరోపా పండితులు చేయగలిగిన పని చాలావరకు చేశారు. సు జీపో చెప్పిన ఏడు పేర్ల వెనక ఉన్న రాగలక్షణాన్ని తేల్చే పని మాత్రం గ్రామరాగాలు, శ్రుతి, మూర్ఛన ఎరిగినవారిదే. కుడుమియామలై శాసనం చదవగలిగిన, వీణ చేతపట్టగలిగిన తెలుగు విద్వాంసులు సూయ్ చరిత్రలోని సంగీత అధ్యాయాన్నీ, డున్‌హువాంగ్ స్వరలిపినీ అనువాదాల సాయంతోనైనా చదవాలి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లోని వాద్యాలను తంత్రులు, బిరడలు లెక్కపెట్టి, పట్టుకున్న తీరు నమోదుచేసి ఒక పట్టిక తయారుచేయాలి. మన విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు, పురావస్తు శాఖలు కలిసి ఈ పనిని పరిశోధనాంశంగా ఇవ్వాలి.